భూముల బ్రోకర్లకు లైసెన్సు అక్కరలేదా?

కర్మన్‌ఘాట్: పురుగు మందు డబ్బా అమ్మాలంటే లైసెన్సు వుండాలి. విత్తనాల సంచి అమ్మాలంటే లైసెన్సు వుండాలి. మార్కెట్ యార్డులో రైతు తెచ్చిన బత్తాయి రాశిని హర్రాజు వేయించే కమీషన్ ఏజెంటు 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం మార్కెట్ కమిటీ వద్ద లైసెన్సు తీసుకోవాలి. జీవిత బీమా ఏజెంటు సైతం పరీక్ష పాసై రావాలి. కాని తాతల నాటి భూమిని అమ్మించేవాడికి, కూలి చేసి కూడబెట్టిన సొమ్ముతో ప్లాటు కొనిపించేవాడికి మాత్రం ఒక మోటారు సైకిలు, ఒక సెల్‌ఫోను వుంటే చాలునన్నట్లుగా వుంది పరిస్థితి. బత్తాయి రాశి పోతే ఒక పంట పోతుంది. భూమి పోతే మూడు తరాలు పోతాయి. ఏది పెద్ద వ్యాపారమో, దేనికి ఎక్కువ కట్టుదిట్టం కావాలో చెప్పనక్కర లేదు.

కర్మన్‌ఘాట్ ఒకప్పుడు సరూర్‌నగర్ మండలంలో ఒక పల్లె. ధ్యానాంజనేయ స్వామి గుడి చుట్టూ పొలాలు, బావులు వుండేవని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. చూస్తుండగానే పొలాలు గజాలయ్యాయి. ఎల్బీనగర్ మునిసిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. ఒకనాడు ఇక్కడ జరిగిన తంతే ఇప్పుడు నాదర్‌గుల్, తుర్కయాంజాల్ దాటి ఇబ్రహీంపట్నం, యాచారం వైపు పల్లెల్లో జరుగుతున్నది. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తర్వాత, రీజినల్ రింగు రోడ్డు మాట వినపడిన తర్వాత, చాయ్ హోటలు ముందు నిలబడ్డ ప్రతి ఇద్దరిలో ఒకరు బ్రోకరే అన్నట్లుగా వుంది. వారిలో మాట మీద నిలబడే వారు లేకపోలేదు. అయితే ఎవరు మంచివారో, ఎవరు కారో కొనేవాడికి తెలిసే దారి ఏదీ లేదు. చిక్కంతా అక్కడే వుంది.

ఇంటి ముచ్చటే చెప్పాలంటే...

ఊరి సంగతులు రాసే ఈ విలేఖరి ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పక తప్పదు. మా బాబాయి 2019లో తన వాటాకు వచ్చిన భూమిలో కొంత అమ్మాడు. బిడ్డ పెళ్ళి నాటికి అక్కరకు వస్తుందని, ఆ డబ్బుతో ఔటర్ రింగు రోడ్డుకు ఆవల రెండు వందల గజాల ప్లాటు బేరం చేసుకున్నాడు. గజం ఆరు వేల చొప్పున పన్నెండు లక్షలు. బేరం కుదిర్చినవాడు పక్క ఊరివాడే, ముఖ పరిచయం వున్నవాడే. రంగు రంగుల లేఅవుట్ కాగితం చూపాడు. దాని మీద పంచాయతీ ముద్ర వుంది. ‘‘పంచాయతీ ఒప్పుకున్న తర్వాత ఇంకేం భయం కాకా’’ అన్నాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుని, విడతలు విడతలుగా తొమ్మిది లక్షలు చెల్లించారు. మిగతా మూడు లక్షలు రిజిస్ట్రేషన్ నాడు ఇవ్వాలన్నది మాట. బ్రోకరు మాత్రం తన కమీషన్ ఇరవై నాలుగు వేలు ముందే తీసుకున్నాడు.

2020 ఆగస్టు 26న అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం నిలిపివేసింది. అప్పుడు గాని మా బాబాయికి అసలు సంగతి తెలియలేదు. సాంకేతిక అనుమతి లేకుండా ఉత్త పంచాయతీ ముద్రతో లేఅవుట్ చెల్లదట. హెచ్ఎండీఏ పరిధిలో అయితే ఆ సంస్థ, మిగతా చోట్ల పట్టణ గ్రామీణ ప్రణాళికా శాఖ ఆమోదించాలట. బ్రోకరును నిలదీస్తే ‘‘నేను మధ్యవర్తిని మాత్రమే, వెంచరు ఆయన్ని అడుగు’’ అన్నాడు. వెంచరు ఆయనను అడిగితే ‘‘మీరు ఇచ్చింది ఆయనకు, నాకు ముట్టింది కొంతే’’ అన్నాడు. ఠాణాకు పోతే ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొమ్మన్నారు. వకీలు దగ్గరకు పోతే మొదటి ప్రశ్న, ‘‘బ్రోకరు రసీదు ఏది?’’ రసీదు లేదు. అతనికి ఆఫీసు లేదు, బోర్డు లేదు, లెక్కల పుస్తకం లేదు. కొన్నాళ్ళకు ఆ ఫోను నంబరు కూడా లేకుండా పోయింది. బిడ్డ పెళ్ళి అప్పు చేసి చేశారు. ప్లాటు ఇంకా కాగితం మీదనే వుంది.

ఇది ఒక్క ఇంటి బాధ అయితే పత్రికలో రాయవలసిన పని లేదు. 2020 ఆగస్టు 31న 131 నంబరు జీవోతో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం దరఖాస్తులు కోరగా, రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చి పడ్డాయి. అనుమతి లేని ప్లాట్లు కొన్నవారు ఎన్ని లక్షల మంది వున్నారో ఆ ఒక్క అంకె చెబుతుంది. ఆ ప్లాట్లలో ఎన్నింటిని బ్రోకరు లేకుండా కొని వుంటారు? కొనేవాడికి ‘‘దీనికి అనుమతి లేదు’’ అని ముందే చెప్పవలసిన బాధ్యత మధ్యలో వున్నవాడి మీద గట్టిగా వుండి వుంటే ఇన్ని లక్షల కుటుంబాలు దరఖాస్తులు పట్టుకుని తిరిగేవా?

చట్టం వుంది, తెలిసినవారే లేరు

విచిత్రమేమంటే దీనికి చట్టం లేకపోలేదు. పార్లమెంటు 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం చేసింది. దాన్నే రెరా అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2017 జులై 31న దానికి నిబంధనలు జారీ చేసింది. ఐదు వందల చదరపు మీటర్లకు, అంటే దాదాపు ఆరు వందల గజాలకు మించిన స్థలంలో ప్లాట్లు చేసినా, ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టినా ఆ ప్రాజెక్టును ముందుగా రెరాలో నమోదు చేయించాలి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వరాదు, బుకింగు తీసుకోరాదు, అమ్మరాదు.

ఈ చట్టంలో బ్రోకర్ల సంగతి కూడా స్పష్టంగా వుంది. ఏజెంటు అన్నా, డీలరు అన్నా, మధ్యవర్తి అన్నా, పేరు ఏదైనా సరే, రెరా ప్రాజెక్టులో ప్లాటు గాని ఫ్లాటు గాని అమ్మించి ప్రతిఫలం పుచ్చుకునే ప్రతి వ్యక్తీ రెరాలో నమోదు కావాలని తొమ్మిదో సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో ఒక వ్యక్తి అయితే పది వేలు, సంస్థ అయితే యాభై వేల రూపాయల రుసుము. నమోదు ఐదేళ్ళు చెల్లుతుంది. నమోదైన ఏజెంటుకు ఒక నంబరు ఇస్తారు. తాను చేయించే ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు వేయాలి.

పదో సెక్షన్ ఏజెంటు విధులను చెబుతోంది. రెరాలో నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టరాదు. లెక్కల పుస్తకాలు, రికార్డులు వుంచాలి. లేని వసతులు వున్నాయని చెప్పరాదు, లేని అనుమతి వుందని నమ్మించరాదు. కొనేవాడికి రావలసిన కాగితాలన్నీ బుకింగు సమయంలోనే అందేలా చూడాలి. మోసం చేసినా, తప్పుడు మాట చెప్పి నమోదు పొందినా దాన్ని రద్దు చేయవచ్చు. నమోదు లేకుండా వ్యాపారం చేస్తే రోజుకు పది వేల రూపాయల చొప్పున, ఆ ప్లాటు ఖరీదులో ఐదు శాతం దాకా జరిమానా వేయవచ్చని 62వ సెక్షన్ అంటోంది.

కాగితం మీద ఇది బాగానే వుంది. అయితే ఊళ్ళో ఎంతమంది బ్రోకర్లకు ఈ నంబరు వుంది? కొనేవారిలో ఎంతమంది ఆ నంబరు అడుగుతున్నారు? అడగాలని అసలు వారికి ఎవరు చెప్పారు? నిబంధనలు వచ్చింది 2017లో. రాష్ట్ర రెరాకు పూర్తికాలపు చైర్మన్ వచ్చింది 2023 జూన్‌లో. అంటే ఇంచుమించు ఆరేళ్ళు ఇతర బాధ్యతలున్న అధికారులే దీన్ని కూడా చూసుకుంటూ వచ్చారు. ఈలోగా ‘ప్రీ లాంచి’ అనే కొత్త మాట పుట్టింది. అనుమతులు రాకముందే చవక ధర ఆశచూపి మొత్తం డబ్బు వసూలు చేయడమే దాని అర్థం. అమీన్‌పూర్ వద్ద అపార్టుమెంట్లు కట్టి ఇస్తామని ఈ పద్ధతిలో డబ్బు వసూలు చేశారన్న అభియోగంపై 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రాటెక్ సంస్థ ఎండీని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, డబ్బు పోయిన తర్వాత కేసులు పెట్టడం కన్నా, డబ్బు చేతులు మారే చోటనే కాపలా వుంటే మేలు కాదా?

వల వుంది, కన్నాలు పెద్దవి

చట్టంలో మరో లోపం వుంది. పల్లె రైతుకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఏజెంటు నమోదు అన్నది రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులకే. వ్యవసాయ భూమిని ఎకరాల లెక్కన అమ్మించే బ్రోకరుకు అది వర్తించదు. పాత ఇల్లు, పాత ప్లాటు ఒకరి నుంచి ఒకరికి అమ్మించేవాడికీ వర్తించదు. పల్లెల్లో జరిగే బేరాల్లో ఎక్కువ ఇవే కదా! రైతు జీవితంలో చేసే అతి పెద్ద బేరానికి ఈ చట్టం కాపలా లేదన్నమాట.

దీన్ని ఆసరా చేసుకుని ‘ఫామ్ ప్లాట్లు’ వచ్చాయి. గుంట అంటే 121 గజాలు. లేఅవుట్ అంటే అనుమతి కావాలి, రోడ్లు వేయాలి, పార్కుకు స్థలం వదలాలి, భూమి మార్పిడికి రుసుము కట్టాలి. అదే భూమిని వ్యవసాయ భూమి అని చెప్పి రెండు గుంటలు, ఐదు గుంటలు చొప్పున అమ్మితే ఈ బాధలేవీ లేవని కొందరి లెక్క. నాలుగు మామిడి మొక్కలు నాటి, చుట్టూ కడీలు పాతి, ‘ప్రకృతి ఒడిలో మీ ఇల్లు’ అని బోర్డు పెడుతున్నారు. రేపు ఇల్లు కట్టుకోబోతే అనుమతి రాదు. దారి ఎవరిదో తెలియదు. పక్క ఊరి పట్టాదారుతో గెట్టు పంచాయితీ తప్పదు. ఇది ఇల్లు కట్టే జాగా కాదని చెప్పవలసినవాడు కమీషన్ జేబులో వేసుకుని ఇంకో ఊరికి పోయి వుంటాడు.

ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీల చరిత్ర చూసినా ఇదే పాఠం. డబ్బు పోసి కొని, ఇళ్ళు కట్టుకుని, పన్నులు కడుతున్నవారి స్థలాలు నిషేధిత జాబితాలో చేరడంతో, ఏళ్ళ తరబడి అవి అమ్మబోతే రిజిస్ట్రేషన్ కాక, అప్పు కోసం పోతే బ్యాంకు తాకట్టు పెట్టుకోక నానా తిప్పలు పడ్డారు. చివరకు 2022లో 118 నంబరు జీవో తెచ్చి, 44 కాలనీల వారికి గజానికి 250 రూపాయల చొప్పున కట్టించుకుని క్రమబద్ధీకరణకు దారి చూపారు. అంటే ఒకసారి కొన్న జాగాకు రెండోసారి డబ్బు కట్టవలసి వచ్చింది. భూమి మూలం ఏమిటో, సీలింగు తగాదా ఏమైనా వుందో అమ్మిన నాడే ఎవరైనా బాధ్యతగా చూసి చెప్పి వుంటే ఈ అవస్థ వుండేదా?

బ్రోకర్ల మాట కూడా వినాలి

ఈ మాట అనగానే బ్రోకర్లను దొంగలంటున్నారని ఎవరూ అనుకోవద్దు. ఊళ్ళలో ఈ పని చేస్తున్నవారిలో చదువుకుని ఉద్యోగం రాని కుర్రాళ్ళు, భూమి అమ్ముకుని పని లేకుండా మిగిలిన రైతు బిడ్డలు ఎందరో వున్నారు. ఎండలో వానలో పది మందిని తిప్పితే ఒక బేరం కుదురుతుంది. అది కూడా చివరికి అమ్మినవాడు, కొన్నవాడు కలిసిపోయి కమీషన్ ఎగ్గొట్టే సందర్భాలు లేకపోలేదు. ‘‘మాకు నంబరు వుంటే మా కమీషన్‌కు కూడా ఒక లెక్క, ఒక హక్కు వుంటుంది’’ అని ఒక బ్రోకరు ఈ విలేఖరితో అన్న మాటలో న్యాయం వుంది. ఏడాదికి ఒకటి రెండు బేరాలు చేసేవాడికి ఒకేసారి పది వేలు కట్టడం భారమే. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. అవేవీ తెలియక, భయపడి దూరంగా వుండిపోతున్నవారూ వున్నారు.

మరోవైపు పెద్ద బేరాలు చేసేవాడికి ఈ జరిమానా ఒక లెక్క కాదు. ముప్పై లక్షల ప్లాటుకు ఐదు శాతం అంటే లక్షన్నర. రోజుకు పది వేల చొప్పున పదిహేను రోజుల్లో జరిమానా అక్కడికి చేరి ఆగిపోతుంది. చిన్నవాడికి రుసుము భారం, పెద్దవాడికి జరిమానా తేలిక. దీన్ని సరిచేయాలి.

ఇతర చోట్ల ఏం జరుగుతోంది? పక్కనున్న మహారాష్ట్రలో అక్కడి రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. పరీక్ష పాసైతేనే నమోదు. సింగపూర్‌లో 2010లో ఎస్టేట్ ఏజెంట్ల కోసమే ఒక చట్టం, ఒక కౌన్సిలు పెట్టారు. అక్కడ ఇల్లు అమ్మించే ఏజెంటు కొనేవాడి డబ్బును తన చేతితో తాకడానికే వీల్లేదు. మన తెలుగువారు ఎందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఏజెంటు కావాలంటే 180 గంటల పాఠాలు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకోవాలి. ఈ పద్ధతుల వల్ల అక్కడ బ్రోకరు పని ఆగిపోలేదు. అదొక గౌరవమైన వృత్తిగా నిలబడింది. అక్కడ కుదిరింది ఇక్కడ ఎందుకు కుదరదు?

చేయవలసిన పనులు

ప్రభుత్వం, రెరా వెంటనే చేయదగిన పనులు కొన్ని వున్నాయి. నమోదైన ఏజెంట్ల జాబితాను మండలాల వారీగా తెలుగులో అచ్చు వేసి ప్రతి పంచాయతీ ఆఫీసులో, తహసీల్దారు కార్యాలయంలో, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం గోడ మీద అంటించాలి. వెబ్‌సైటులో వుందంటే చాలదు. కంప్యూటరు చూడని రైతు గోడ చూస్తాడు. రిజిస్ట్రేషన్ సమయంలో బేరం కుదిర్చినవాడి పేరు, రెరా నంబరు దస్తావేజులో రాసే పద్ధతి పెట్టాలి. నంబరు వున్నవాడు రాయించుకుంటాడు. లేనివాడు తప్పుకుంటాడు.

పల్లెల్లో ఒంటరిగా పని చేసే చిన్న ఏజెంట్లకు రుసుము తగ్గించాలి, లేదా ఐదేళ్ళకు ఐదు విడతలుగా కట్టనివ్వాలి. మండల కేంద్రంలోనే రెండు మూడు రోజులు తెలుగులో శిక్షణ ఇచ్చి, ఈసీ చూడడం, నిషేధిత జాబితా చూడడం, లేఅవుట్ అనుమతి నంబరు సరిచూడడం నేర్పి, చిన్న పరీక్ష పెట్టి, ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వ్యవసాయ భూముల బేరాలు, పాత ఇళ్ళ బేరాలు చేసేవారిని కూడా ఏదో ఒక నమోదు కిందికి తేవాలి. కేంద్ర చట్టంలో చోటు లేకపోతే రాష్ట్ర శాసనసభ చట్టం చేయవచ్చు. మార్కెట్ యార్డు కమీషన్ ఏజెంటుకు అరవై ఏళ్ళ కిందట చేసిన పని భూమి బ్రోకరుకు ఇప్పటికైనా చేయలేమా?

పత్రికల బాధ్యత కూడా లేకపోలేదు. రెరా నంబరు లేని వెంచరు ప్రకటన చట్టం ప్రకారం తప్పు. అలాంటి ప్రకటన ఎంత డబ్బు ఇచ్చినా వేసుకోకూడదు. ఈ మాట మాకూ వర్తిస్తుంది.

గ్రామస్థులకు ఒక మాట

చట్టం వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేము. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకునే కన్నా ముందే నాలుగు జాగ్రత్తలు పడడం మేలు. బ్రోకరు వస్తే మొదట నంబరు అడగండి. ‘‘మనవాడే కదా, అడిగితే ఏమనుకుంటాడో’’ అన్న మొహమాటం వద్దు. వెంచరుకు రెరా నంబరు వుందా, అది నిజమేనా అన్నది ఊళ్ళో చదువుకున్న పిల్లలతో రెరా వెబ్‌సైటులో చూపించండి. సెల్‌ఫోనులో ఐదు నిమిషాల పని. ఈసీ తీయించండి. సర్వే నంబరు నిషేధిత జాబితాలో వుందేమో చూడండి. పంచాయతీ ముద్ర చూసి మోసపోకండి.

బయానా ఎవరి చేతికీ నగదుగా ఇవ్వకండి. ప్రాజెక్టు యజమాని పేర చెక్కు ఇవ్వండి, రసీదు తీసుకోండి. రెరా ప్రాజెక్టులో రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ఖరీదులో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే హక్కు వెంచరు వారికి లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి వుంటే ఎన్నో ఇళ్ళు నిలబడేవి. బ్రోకరుకు ఇచ్చిన కమీషన్‌కు కూడా రసీదు అడగండి. మోసపోతే వెంచరు వారి మీదనే కాదు, ఏజెంటు మీద కూడా రెరాలో ఫిర్యాదు చేసే హక్కు 31వ సెక్షన్ ఇస్తోంది. అమ్మే రైతులు కూడా తమ భూమి కాగితాలు, పాసు పుస్తకాలు బ్రోకరు చేతికి అసలువి ఇవ్వరాదు. ఏం రాశారో చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయరాదు. తెల్ల కాగితం మీద రాసుకున్న సాదా బైనామాల బాధ మన తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. ఆ తప్పు మళ్ళీ రంగుల కాగితం మీద చేయవద్దు.

మంగళవారం నాడు కర్మన్‌ఘాట్ గుడికి వచ్చే మా బాబాయి, ఆ ప్లాటు అగ్రిమెంటును ఇప్పటికీ సంచీలో పెట్టుకునే తిరుగుతాడు. ఏ పెద్దమనిషి కనిపించినా తీసి చూపిస్తాడు. ఆ కాగితం మీద మా బాబాయి సంతకం వుంది, వెంచరు ఆయన సంతకం వుంది, ఇద్దరు సాక్షుల సంతకాలు వున్నాయి. బేరం కుదిర్చి కమీషన్ తీసుకున్నవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆ పేరు, దాని పక్కన ఒక నంబరు కాగితం మీదకు వచ్చేలా చేయాలి. అధికారులు ఇకనైనా కదలాలి.